కోదాడలో తెగిన కూత

నా చిన్నప్పుడు నాకు చదువులో పేరు లేదు, కూతలో ఉండేది. మాది తిరుమలగిరి పక్కన గొర్ల మంద ఉన్న ఇల్లు. మెట్టల మీద ఈ చివర నుంచి ఆ చివరకు మందను కేకేసి పిలిచీ పిలిచీ గొంతూ ఊపిరీ రెండూ గట్టిపడ్డాయి. సూర్యాపేటలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకోమని మా నాయిన పంపితే, అక్కడి లెక్కల సారు నన్ను చూసి తల పట్టుకున్నాడు. డ్రిల్ సారు మాత్రం ఒక్క సాయంత్రం నా కబడ్డీ కూత విని జట్టులో వేసుకున్నారు. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఇప్పుడు తొంభైకి దగ్గర పడ్డాను. నిన్న తిన్న కూర గుర్తుండదు గానీ ఆ ఏడాది మాత్రం ఒక్క రోజు కూడా మరుపుకు రాదు.

మా డ్రిల్ సారు ముసల్మాను. సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఉతికిన ఖాకీ బట్టల్లో ఉండేవారు. బడి గోడను ఆనుకుని ఉన్న రెండు గదుల్లో, చూపు పోయిన తల్లితో కాపురం. ఆ గదులు బడివే, నౌకరి ఉన్నన్నాళ్లే ఆయనవి. తల్లిని మేమంతా దాదీ అనేవాళ్లం. సాయంత్రం మేము ఆడుతుంటే ఆమె గుమ్మంలో కూర్చుని వినేది. కళ్లు లేకపోతేనేం, ఎవడి కూత ఎవడిదో ఇట్టే చెప్పేసేది. ఆట అయ్యాక పిలిచి వేయించిన పల్లీలు దోసిట్లో పోసి, "గొర్ల బేటా, ఇయ్యాల నీ కూత జర పొట్టిగున్నది, అన్నం తినలేదా?" అని అడిగేది. మా సొంత నాయనమ్మ కూడా నా తిండి గురించి అంత ఆరా తీయలేదు.

మా దిక్కు ఆటలో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. గీతలు చూడ్డానికి, ఎవరు ఎవరిని తాకారో చెప్పడానికి అంపైరు ఉంటాడు. కూత సంగతి మాత్రం ఆయన చూడడు. మధ్యలో దమ్ము చాలక కూత తెగితే ఆడేవాడే చెయ్యెత్తి బయటికి రావాలి. అది మర్యాద. చెయ్యెత్తకుండా మళ్లీ ఊపిరి పీల్చుకుని కూత అందుకున్నవాడిని సొంత జట్టువాళ్లే వారం రోజులు పలకరించేవాళ్లు కారు. డ్రిల్ సారు మాకు దమ్ము నేర్పేటప్పుడు నోటి వైపు చూసేవారు కాదు, భుజాల వైపు చూసేవారు. దొంగ ఊపిరి నోట్లో దాగుతుంది గానీ భుజాల దగ్గర దొరికిపోతుందని ఆయన లెక్క.

అంతకు ముందటేడే మిలిట్రీ వచ్చి రజాకార్ల పీడ వదిలింది. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నిజమే. కానీ ఆ కోపం పోతూ పోతూ ఎవరి మీద పడాలో వాళ్ల మీద మాత్రమే పడి ఆగలేదు. ఆ పాడు రోజుల్లో బడి పిల్లల్ని గుంపుగా నడిపించుకుంటూ ఒక్కొక్కరినీ ఇంటి దాకా దిగబెట్టి వెళ్లిన మనిషి మా డ్రిల్ సారు. ఆయన్ను చూసి కూడా జనం మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయన చుట్టాలు హైదరాబాదు వెళ్లిపోయారు. దాదీ మాత్రం మొగుడి సమాధి ఉన్న ఊరు విడిచి కదలనని మొండికేసింది.

కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, ఉత్త పిరికివాడు. ఒకరోజు జట్టు మొత్తాన్ని తన గదిలోకి పిలిచి ఉన్న మాట చెప్పాడు. డ్రిల్ సారును తీసెయ్యమని ఊరి పెద్దలు రోజూ వచ్చి కూర్చుంటున్నారట. "మీరు మూడూళ్ల పోటీల కప్పు తీస్కరాండ్రి. గా కప్పు చూపెట్టి వాళ్ల నోరు మూయిస్త. కప్పు లేకుంటే నాతోని కాదు" అన్నాడు. మూడూళ్లంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బడులు. మేం తొమ్మిది మందిమి. బయటికొచ్చాక నాకైతే దాదీ కూర్చునే గుమ్మంలో ఇంకెవరో కూర్చున్నట్టు కనబడింది.

ఆ రోజు నుంచి పిచ్చిపట్టినట్టు ఆడాం. వడ్ల బస్తాల లారీ ఎక్కి మిర్యాలగూడ పోయి వాళ్లను వాళ్ల గడ్డ మీదే ఓడించి వచ్చాం. ఒళ్లంతా వడ్ల నుసి, దురద, అయినా దారి పొడుగునా అరుపులే. డ్రిల్ సారు కూడా నవ్వారు. హెడ్మాస్టరు మాతో ఏమన్నాడో ఆయనకు తెలుసు. తెలిసీ ఒక్కసారి కూడా మా ముందు ఆ ఊసెత్తలేదు. ఇక మిగిలింది కోదాడ.

కోదాడలో కోసిన జొన్నచేను చదును చేసి సున్నం గీతలు గీశారు. మూడూళ్ల జనం వచ్చారు. మా హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆట చివరికి వచ్చేసరికి ఇద్దరి పాయింట్లూ సమానం, ఆఖరి కూత నాది. వెళ్లాను. ఒకణ్ణి తాకాను. తిరిగి వస్తుంటే ఎవడో చీలమండ పట్టేశాడు, ఇంకొకడు నడుము మీద పడ్డాడు. బోర్లా పడి, మన్నులో మొహం పెట్టి, మోచేతులతో పాక్కుంటూ గీత వైపు జరుగుతున్నాను. గీత ఇంకా జానెడు దూరం ఉందనగా నా దమ్ము అయిపోయింది. ఆ మెట్టలు, ఆ మంద, ఆ కేకలు ఏవీ అక్కరకు రాలేదు. అయిపోయింది, అంతే. మొహం మట్టిలోనే ఉంది కాబట్టి ఎవరికీ కనబడదనుకున్నాను. గుటుక్కున ఒక్క ఊపిరి లాగి, మళ్లీ కబడ్డీ అంటూ చెయ్యి చాపి గీత తాకాను.

ఈల మోగింది. మావాళ్లు నన్ను లేపి కావలించుకున్నారు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతున్నాడు. గీత అవతల డ్రిల్ సారు ఒక్కరే కదలకుండా నిలబడి నా వైపు చూస్తున్నారు. కోపంగా కాదు. నేను చెయ్యెత్తుతానని ఎదురు చూస్తున్నారు. ఎంత సేపు చూశారో! నేను వంగి, మోకాళ్లకు అంటిన దుమ్ము దులుపుకున్నాను.

అప్పుడాయన నడిచి వచ్చారు. నా మణికట్టు పట్టుకుని, నా చెయ్యి మెల్లగా పైకెత్తారు. "వీని కూత తెగింది. నేను చూసిన. పాయింటు మీదే" అని అంపైరుతో అన్నారు. అంపైరుగా ఉన్న ఆ కోదాడ పెద్దాయన నోరు తెరిచి, "మాస్టారూ, మీ పిల్లాడి మీద మీరే చెప్తున్నారా?" అన్నాడు. సారు తలూపారు. కప్పు కోదాడవాళ్లు ఎత్తుకున్నారు. హెడ్మాస్టరు మళ్లీ కుర్చీలో కూర్చుండిపోయాడు.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి. సిగ్గు కంటే కోపమే ఎక్కువ. మీ కోసమే కదా చేసిన, మీకెందుకు అర్థం కాదని ఆయన మీదే అరిచాను. ఆయన నా మొహానికి అంటిన మట్టి తన రుమాలుతో తుడిచారు.

"నాకోసం చేసినవని నాకెర్కే బేటా. నీకోసం చేస్తే నీకే ఇడిసిపెడుతుంటి. గా కప్పుతోని నా నౌకరి నిలబడితే, రేపటిసంది మా అమ్మకు పెట్టే ప్రతి రొట్టెల నీ అబద్ధం ఉంటది. ఎట్ల పెట్టాలె చెప్పు?"

బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి కూర్చున్నాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పదిహేను రోజులు తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఒక పొద్దున గదుల ముందు ఎడ్లబండి ఆగింది. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటలు, మడత మంచం. జట్టులో తొమ్మిది మందిమీ వచ్చాం. దాదీని సారు రెండు చేతుల మీద ఎత్తి బండిలో కూర్చోబెట్టారు. హైదరాబాదులో చెల్లెలికి ఒంట్లో బాగాలేదు, చూసి వద్దామని ఆమెకు చెప్పారట. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు తెలియదు. చేతులు చాపి ఒక్కొక్కరి తలా తడుముతూ పేరు చెబుతోంది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"గొర్ల బేటా, కోదాడల ఏమైంది? వీడు అడిగితే చెప్తలేడు. గెలిసిండ్రా?"

నేను సారు వైపు చూశాను. మూడూళ్ల జనం ముందు నా చెయ్యెత్తిన మనిషి, ట్రంకు పెట్టెకు కట్టిన తాడు విప్పి మళ్లీ కట్టుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"గెలిచినం దాదీ" అన్నాను.

ఆమె నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. బుగ్గలు తడిగా తగిలితే సంతోషం అనుకున్నట్టుంది. నవ్వి, నా నుదుటి మీద ముద్దు పెట్టి, తల మీద చెయ్యి ఉంచి, అల్లా నిన్నెప్పుడూ ఓడనియ్యడు బేటా అని దీవించింది. సారు ఇంకా తాడు కడుతూనే ఉన్నారు. తర్వాత బండి కదిలింది. ఆయనను నేను మళ్లీ చూడలేదు.

పెద్దయ్యాక నేనూ డ్రిల్ మాస్టారునే అయ్యాను. ఎన్ని వందల మంది పిల్లల భుజాలు చూశానో లెక్కలేదు. దొంగ ఊపిరి పట్టుబడిన ఏ పిల్లవాడి మీదా చెయ్యి చేసుకోలేదు, పక్కకు పిలిచి, ఎవరి కోసం చేశావురా అని మాత్రం అడిగేవాణ్ణి. ఆ పొద్దున నా రెండో అబద్ధాన్ని సారు ఎందుకు దిద్దలేదో అడుగుదామంటే ఆయన జాడ దొరకలేదు. దాదీ సమాధి ఎక్కడుందో కూడా తెలియదు, ఆమె విడిచి కదలనన్న ఊళ్లో మాత్రం లేదు. ఆ దీవెన గెలిచిన పిల్లవాడికని ఇచ్చింది. ఓడిపోయినవాణ్ణి, ఆమె ఇల్లు నిలబెట్టలేకపోయినవాణ్ణి, తల వంచి నేను తీసుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి బరువు నా తల మీద నుంచి దిగలేదు.