సంగటి ముద్ద కింద పెట్టేసిన మనిషి

కథలు అల్లడం నాకు చిన్నప్పటి జబ్బు. జైల్లో మందులిచ్చే ఉద్యోగంలో చేరాక అది ముదిరింది. ఏ ఊరి జైలో అడగొద్దు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సెక్కి పోయేవాణ్ణి. డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజుల్లో బీపీ చూడడం, మాత్రలు, గజ్జి మందు అన్నీ నా చేతిమీదే.

ఒక మధ్యాహ్నం ఖైదీల భోజనాల దగ్గర వార్డరును నవ్విద్దామని ఒక కథ ఎత్తుకున్నాను. ఎక్కడో ఒక జైల్లో పగవాళ్ళు వంటవాణ్ణి పట్టుకొని పప్పులో ఏదో కలిపించారనీ, తిన్నవాడు నీళ్ళడిగేలోపే కట్టెలా బిగుసుకుపోయాడనీ, ఆ మెతుకు ముట్టిన పిచ్చుక కూడా గోడ మీంచి రాలిందనీ. పిచ్చుకను అప్పటికప్పుడు చేర్చాను. వడ్డిస్తున్న వంటవాడితో సహా అందరూ నవ్వారు. ముందురోజే రిమాండుకొచ్చిన పులివెందుల వైపు రైతు ఒకాయన మాత్రం నవ్వలేదు. గట్టు తగాదాలో దాయాదిని కొట్టి వచ్చినవాడు. నోటిదాకా తెచ్చిన సంగటి ముద్దను మెల్లగా ముందున్న అల్యూమినియం తట్టలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడూ తినలేదు. కొళాయి నీళ్ళు తానే పట్టుకొని తాగేవాడు. జైలరు నిరాహార దీక్ష అని రాయించాడు. డిమాండ్లేమిటని అడిగితే ఆయనకేమీ లేవు. అది దీక్ష కాదు, నా కథ చేసిన పని అని నాకొక్కడికే తెలుసు. రోజూ తూకం వేసేటప్పుడు ముల్లు వెనక్కి జరుగుతుంటే నా గుండె జారేది. ఐదో రోజుకు లేచి నిలబడలేకపోయాడు.

డాక్టరు వచ్చి, బలవంతంగా పెట్టడానికి లేదు, పూటపూటా అడగాలి, వద్దంటే అదే రాయాలి అన్నాడు. రెండు రోజుల్లో దారికి రాకపోతే పెద్దాసుపత్రికి పంపుదామన్నాడు. పోతూపోతూ ఇంకో మాట కూడా చెప్పాడు. తింటానన్నా కడుపునిండా పెట్టకూడదట. ఎండిన ఒంట్లో ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఉప్పులు తారుమారై గుండె ఆగిపోవచ్చట. అరగ్లాసు పల్చని జావతో మొదలుపెట్టి తనకు ఫోన్ చేయమన్నాడు.

ఆరో రోజు నేను ఆయన పక్కన కూలబడి ఒప్పేసుకున్నాను.

"మామా, ఆ కత నేను అల్లింది. యా జైల్లోనూ ఎవురూ సావలేదు."

ఆయన గోడవైపుకు జరిగాడు. "ఇట్ల చెప్పమని నీకెవురు చెప్పినారప్పా?"

ఇక మాటలతో పని లేదని తట్ట తెప్పించాను. సగం ముద్ద పప్పులో అద్దుకొని ఆయన ముందే మింగాను. ఆయన గోడకానుకొని, నేనెప్పుడు పడతానా అని నా ముఖమే చూస్తున్నాడు. అప్పుడు తట్టింది నాకు: ఆ రోజు నా కథ విన్నది ఈయనొక్కడే కాదు, వంటవాడూ విన్నాడు. వీపంతా చెమట పట్టింది. పిచ్చుక కోసం గోడ వైపు చూశానంటే నమ్మండి.

గంట గడిచినా నేను చావలేదు. ఆయన తట్టను సర్రున లాక్కొని, మిగిలిన సగం ముద్దనూ పిడికిట్లోకి తీసుకున్నాడు. నేను ఎగిరి ఆ చెయ్యి పట్టుకున్నాను. ముద్ద లాగేశాను.

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే ఉండాది దీంట్లో."

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఉప్పులు, గుండె, జావ. నా చెవులకే అది నేనల్లిన ఇంకో కథలా వినిపించింది. ఇన్నేళ్ళలో ఎన్ని నమ్మించానో లెక్కలేదు. ఈ ఒక్కటి నమ్మకపోతే ఆయన రేపటికి ఉండడు. వార్డరు తెచ్చిన జావ గ్లాసును నేనే ముందు ఒక గుక్క తాగి ఆయన ముందుకు చాచాను. సగం జావ నా చొక్కా మీదే పడింది.

ఆయన గ్లాసు చూడలేదు. నా చెయ్యి చూశాడు.

"కత చెప్పేటప్పుడు నువ్వు నవ్వుతావప్పా," అన్నాడు. "ఇప్పుడు వణుకుతాండావు. ఇది నిజమే అయ్యుంటాది."

గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క మింగి ఆగాడు. రెండోది మింగాడు. నేను ఆయన నాడి పట్టుకొని కూర్చున్నాను, ఎవరిది ఎక్కువ కొట్టుకుంటోందో తెలియకుండా.