ఎక్కడ ఆగినా ఒకటో అంతస్తే

ఆఫీసులో అందరూ ఆమెను ఒప్పందాలమ్మ అంటారు. పాతికేళ్లుగా లిఫ్టుల కంపెనీలో, జావా అనే కంప్యూటర్ భాషలో ఇంటర్‌ఫేసులు అనే ఒప్పందాలు రాస్తోంది మరి. లిఫ్టు అనిపించుకోవాలంటే ఏయే పనులు చేసి తీరాలో ఆమె జాబితా రాస్తుంది. ఎలా చేయాలన్నది తొమ్మిది జట్లు తొమ్మిది రకాలుగా రాసుకుంటాయి. ఇంట్లోనూ అదే తంతు. స్నానం చేసినవాళ్లే బకెట్ నింపి పెట్టాలి. చెంబుతో నింపుతారో పైపుతో నింపుతారో ఆమెకు అనవసరం.

ఆ సాయంత్రం ఆరింటికి రైలు. మూడేళ్లకు దొరికిన సెలవు, అక్కతో పది రోజులు సముద్రపు ఒడ్డున. సరిగ్గా ఆ పొద్దున్నే మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఇకమీదట ఏ అంతస్తు వచ్చిందో ప్రతి లిఫ్టూ నోరు తెరిచి చెప్పాలట. ఒక్క జట్టు కోడ్ ఆగినా మీ సెలవు నా చేతుల్లో ఉండదు."

జాబితాలో కొత్త పని ఊరికే చేర్చితే, అది రాసుకునేదాకా ఏ జట్టు కోడూ కంపైల్ కాదు, అంటే నడిచే ప్రోగ్రాముగా మారదు. తొమ్మిది జట్లూ వచ్చి మీద పడతాయి. అందుకే ఆ పని ఎలా చేయాలో కూడా ఇంటర్‌ఫేసులోనే డిఫాల్టుగా రాసేసింది. సొంతంగా రాసుకునేవాళ్లు రాసుకుంటారు, లేనివాళ్లకు ఇదే పలుకుతుంది. అందరి కోడూ కిక్కురుమనకుండా కంపైలైంది. మధ్యాహ్నానికి తమ బిల్డింగు లిఫ్టులోనూ పెట్టేశారు. బతికిపోయాననుకుంది.

నాలుగున్నరకు అక్క సూట్‌కేసుతో రొప్పుతూ ఊడిపడింది.

"ఏమే, మీ బిల్డింగులో అన్నీ ఒకటో అంతస్తులేనా? ఎక్కడ ఆగినా అదే కూత! మూడుసార్లు దిగి ఎక్కి, విసుగొచ్చి మెట్లమీద వచ్చా!"

చెల్లెలు గబగబా కోడ్ తెరిచి చూసింది. పరీక్ష కోసమని డిఫాల్టులో 'ఒకటో అంతస్తు' అని రాసి, అలాగే వదిలేసింది. ఆమె కంప్యూటర్లోని నమూనా లిఫ్టుకు ఉన్నదే ఒక్క అంతస్తు, తప్పు బయటపడలేదు!

మేనేజరు తల పట్టుకున్నాడు. "తొమ్మిది జట్లకూ ఫోన్లు చేయాలి. ఇక సెలవంటారా..."

"కాస్త ఆగు బాబూ," అంది ఒప్పందాలమ్మ.

అడిగితే తానున్న అంతస్తు అంకె చెప్పాలని ప్రతి లిఫ్టుకూ పాత జాబితాలోనే ఉంది. సొంత కవిత్వం మానేసి, ఆ లిఫ్టునే అడిగి చెప్పమని డిఫాల్టును మార్చింది. ఒక్క లైను మార్పు. ఏ జట్టూ వేలు కదపలేదు.

"ఐదో అంతస్తు," అంది లిఫ్టు బుద్ధిగా.

"వెళ్లిరండి మేడమ్," అన్నాడు మేనేజరు.

అక్క మాత్రం నమ్మలేదు. దిగేటప్పుడు అన్ని బటన్లూ నొక్కింది. ఆగిన ప్రతిచోటా తల బయటపెట్టి గోడమీది అంకె సరిచూసింది.

"అక్కా, రైలే!"

"ఉండవే, ఇంకా రెండున్నాయి."

కదులుతున్న రైలు ఆఖరి బోగీలోకి ఎలాగో ఎక్కిపడ్డారు. ఆయాసమో నవ్వో తెలియలేదు, ఇద్దరూ సూట్‌కేసుమీదే కూలబడ్డారు.