నాలుగేళ్ళ కిందటి నర్సమ్మ

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. యాభై ఆరో ఏట, రేపల్లెలో మా వీధి చివరి అంగన్‌వాడీ గదిలో మధ్యాహ్నంపూట పెద్దవాళ్ళకు చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా రాయలేదు. అప్పటికి మా వదిన, అంటే మా ఆయన అక్క, బతికే ఉంది. రాసిన కాగితం ఎవరో ఒకరు ఆమెకు చదివి వినిపిస్తారని భయం. పోయిన ఏడు ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇక అడ్డు లేదనుకున్నా చెయ్యి సాగలేదు. మొన్న నా మనవరాలు ఫోన్‌లో ఏదో సీరియల్ చూస్తూ, "నానమ్మా, ఇందులో ఆరుగురికి ఆరు పవర్లున్నాయి, నీకేది కావాలి?" అని అడిగింది. నేను లేచి, పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి నిలబడి, వచ్చి కూర్చుని, మళ్ళీ లేచాను. ఆ రోజు నుంచీ కుదురు లేదు. కూర్చుంటే తిరగాలనిపిస్తుంది, తిరుగుతుంటే ఏదో మర్చిపోయి వచ్చినట్టుంటుంది. రాస్తే తగ్గుతుందేమోనని మొదలుపెట్టాను.

కేబుల్ టీవీ ఇంటింటికీ వస్తున్న రోజుల మాట ఇది. నిజాంపట్నం, అడవులదీవి వైపు నుంచి వచ్చే ఎండు రొయ్యలు కొని, పొద్దున పాసింజరులో తెనాలి తీసుకెళ్ళి అమ్మేదాన్ని. వదినది ఎండు చేపల బుట్ట. మాతో పాటు తమలపాకులు అమ్మే ఒక ముసలామె ఉండేది. చుట్టం కాకపోయినా అందరికీ పిన్నే. మా సరుకు వాసనకు తక్కినవాళ్ళు దూరంగా జరిగిపోయేవాళ్ళు కాబట్టి తలుపు పక్కన రెండు బెంచీలు మావే. మా పక్క బెంచీలో ఒక్క టీచరమ్మ మాత్రం ముక్కు మూసుకోకుండా కూర్చునేది.

ఆదివారం సాయంత్రం ఒక సీరియల్ వచ్చేది. వేరే భాషలో తీసి మన మాటలు అతికించారు. పెదవులు ఆగిపోయాక కూడా మాట వినిపిస్తూ ఉండేది. అందులో అయిదుగురు మామూలు మనుషులు, ఒక్కొక్కరికి ఒక్కో శక్తి. ఆఫీసులో ఎవరూ లెక్కచెయ్యని గుమస్తాకు కనపడకుండా పోయే శక్తి. అత్తవారు గదిలో పెట్టి తాళం వేసిన పిల్లకు గోడల్లోంచి నడిచే శక్తి. జీవితమంతా ఆలస్యంగానే ఇంటికి చేరిన బస్సు డ్రైవరు పది ఊపిర్లు తీసేంతసేపు కాలాన్ని ఆపగలడు. అబద్ధాల ఇంట్లో పెరిగిన కుర్రాడికి ఎదుటివాళ్ళ మనసులో మాట వినపడుతుంది. అయిదో ఆమె నర్సు. జబ్బు మనిషి చెయ్యి పట్టుకుంటే ఆ జబ్బు ఈమెలోకి వచ్చేస్తుంది. ఎవరికి ఏ లోటు ఉందో ఆ లోటులోంచే శక్తి పుట్టింది, ఆ శక్తికి మళ్ళీ ఒక ఖరీదు ఉంది. డ్రైవరు కాలాన్ని ఆపినప్పుడల్లా ఒక ఏడాది ముసలివాడయ్యేవాడు. గుమస్తా ఎంతసేపు మాయమైతే అంతసేపు సొంత భార్యకు కూడా గుర్తుకు వచ్చేవాడు కాదు. ఒక్కొక్కరూ విడిగా దేనికీ చాలేవాళ్ళు కాదు. కలిసి కూర్చుంటే తగువులాడుకునేవాళ్ళు, కలిసి లేస్తే మాత్రం ఊరు బతికేది.

ఆ కథంతా సోమవారం పొద్దున రైల్లో చెప్పడం నా పని. పిన్ని ఇంట్లో టీవీ లేదు, వదిన ఇంట్లో ఉన్నా పెట్టడం మానేసింది. నేను మాట పొల్లుపోకుండా, ఎవరు ఏ చీర కట్టుకుని వచ్చారో కూడా చెప్పేదాన్ని. దాంతో నాకు చదువు వచ్చని వాళ్ళు అనుకున్నారు. నేను అవునని అనలేదు, కాదని కూడా అనలేదు.

కథకంటే దాని మీద వాదన ఎక్కువ నడిచేది. గోడలోంచి నడిచే పిల్ల గురించి పిన్నికి ఒక అనుమానం.

"గోడలోంచి పోయేటప్పుడు చీర కూడా వస్తదా, ఇవతలే ఉండిపోద్దా?"

"చీర వస్తది పిన్నీ, చేతిలో ఉన్నదే ఇవతల పడిపోద్ది."

"అయితే మనకి పనికిరాదు. బుట్ట స్టేషన్లో పడేసి నేను బజార్లో తేలితే ఏం అమ్మను, నా మొహమా?"

అప్పటికి మూడేళ్ళ ముందు వదిన కూతురు బాపట్లలో కాలేజీ చదువుకుంటూ, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఒక్కగానొక్క పిల్ల. ఆ రోజు నుంచి వదిన మాతో రైలెక్కేది, దిగేది, అంతే. ఆ పిల్ల ఊసు ఎత్తితే ఆమె ఒళ్ళు తెలియకుండా ఏడ్చేది కాబట్టి ఇంట్లో అందరం కూడబలుక్కున్నట్టు మానేశాం. వాళ్ళాయన గోడ మీది ఫొటో తీసి పెట్టెలో పెట్టేశాడు. నేను ఆ పిల్ల ఇచ్చిన జడపిన్ను కూడా దాచేశాను.

ఒక ఆదివారం నర్సు చచ్చిపోయింది. ఊరందరి జ్వరం తన చేతుల్లోకి తీసుకుంది, చేతులు పట్టలేదు. ఆ సోమవారం కథ వదిన వైపు చూడకుండా ఎలాగో చెప్పాను.

తరువాతి ఆదివారం టీవీ పెట్టగానే నర్సు రెండు జడలు వేసుకుని బస్సెక్కింది. తెర అడుగున పసుపురంగు అక్షరాలు వచ్చి పోయాయి. అక్షరాలు వస్తే నేను చూపు పక్కకు తిప్పేసేదాన్ని, ఎదురింటివాళ్ళ గొడవ మనకెందుకన్నట్టు. పిల్లలుంటే చదివేవాళ్ళే, వాళ్ళు ఆటల్లో ఉన్నారు. ఆ బస్సులో టిక్కెట్లు కూడా డ్రైవరే ఇచ్చేవాడు. నర్సు డబ్బులిచ్చి టిక్కెట్టు అడిగింది. ఆమె కోసం కిందటి వారం గుండెలు బాదుకున్న ఆ డ్రైవరే ముక్కూమొహం తెలియనట్టు టిక్కెట్టు చించి ఇచ్చాడు. గుమస్తా ఆమె పక్కనే కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నేను రాత్రంతా కాదు గానీ, అన్నం వండేంతసేపూ ఆలోచించాను. ఆ సీరియల్‌లో లెక్క తప్పింది ఎప్పుడూ లేదు, శక్తి ఉంటే ఖరీదు ఉండాలి. చివరికి నాకు దొరికింది. పొద్దున రైలు కదలగానే చెప్పాను: ఆమె అసలు శక్తి జబ్బు తీసుకోవడం కాదు, చచ్చిపోయినా తిరిగి రావడం. దానికి ఖరీదేమిటంటే, ఆమె తిరిగి వచ్చేసరికి ఆమెను ఎరిగినవాళ్ళంతా ఆమెను మర్చిపోతారు.

పిన్ని తమలపాకుల మీద నీళ్ళు చిలకరించడం ఆపేసింది. "ఓరి దేవుడా, ఎంత మెలిక పెట్టారే" అంది. వదిన మూడేళ్ళలో మొదటిసారి నా వైపు తిరిగి, "మళ్ళీ చెప్పు" అంది. భట్టిప్రోలు దాటేదాకా మళ్ళీ చెప్పాను.

ఆ తరువాత వదినలో కళ వచ్చింది. తల దువ్వుకుని వచ్చేది, టిఫిన్ తినేది, "మర్చిపోతే మర్చిపోయారు, ఎక్కడో తిరుగుతుంటే చాలు గదే" అనేది. నర్సు పాత రోజుల కథ ఇంకో రెండు వారాలు నడిచింది. అర్థం కానిచోట నేను అతుకులు వేశాను, ఆ అతుకులు వేస్తుంటే గర్వంగా కూడా ఉండేది. మూడో సోమవారం తెనాలిలో బుట్ట దింపుకుంటుంటే టీచరమ్మ చెయ్యందించి, మెల్లగా, "మీరు చాలా బాగా చెబుతారండి. కానీ ఆమె తిరిగి రాలేదమ్మా. అది నాలుగేళ్ళ కిందటి సంగతి, అప్పటికి వాళ్ళకి ఆమె పరిచయం లేదు. కింద వేశారు గదా, చూళ్ళేదా?" అంది. నా మొహం చూసి, బుట్ట కింద పెట్టించి వెళ్ళిపోయింది.

అప్పుడే చెప్పాల్సింది. చెబితే నాకు చదువు రాదని బయటపడుతుంది, అదొకటి. మూడేళ్ళకు అన్నం తింటున్న మనిషి మళ్ళీ మానేస్తుంది, అది అసలుది. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూ కాలుగాలిన పిల్లిలా బజారంతా తిరిగాను. ఆ లోపల ఒక రోజు బజారులో చూస్తే వదిన బుట్ట పిన్ని పక్కన ఉంది, వదిన లేదు.

"బాపట్ల బండెక్కింది. వారం నుంచీ అదే వరస, నువ్వు అటు తిరగ్గానే పోద్ది, మన బండి వేళకి వచ్చేస్తది," అంది పిన్ని. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఏంటే సంగతి?"

నా రొయ్యలు కూడా ఆమెకే అప్పగించి తరువాతి బండెక్కాను. నిడుబ్రోలు దాకా కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. బాపట్లలో వదిన ఎక్కడుంటుందో వెతకక్కర్లేదు. ఆ పిల్ల చదివిన కాలేజీకి ఎదురుగా, కల్వర్టు గట్టు మీద, చెంగు తలమీద కప్పుకుని కూర్చుంది. గేటులోంచి పిల్లలు వస్తుంటే ఒక్కొక్కరి మొహం చూస్తోంది.

"వచ్చావా, కూర్చో," అంది, నన్ను రమ్మన్నట్టే. "ఇందాక ఒక పిల్ల, అచ్చం అదే నడక. దగ్గరికొచ్చాక కాదు."

"ఇంటికి పోదాం వదినా. పోయిన పిల్ల ఇక్కడెందుకుంటది?"

"ఎందుకుండదు? మూడేళ్ళయింది, ఒక్కళ్ళు దాని మాటెత్తారా? నా తమ్ముడెత్తడు, నువ్వెత్తవు, కన్న తండ్రి ఎత్తడు. ఫొటో కూడా తీసేశారు. ఇంతమంది దాన్ని మర్చిపోయారంటే అది వచ్చేసినట్టే గదే."

సీరియల్‌లో లాగే ఆమె లెక్కలో ఒక్క తప్పు లేదు, తప్పంతా నేను పెట్టిన మొదటి అంకెలోనే ఉంది. నాకు చదువు రాదని, కింద పడిన అక్షరాలు చదవలేక పాత సంగతిని కొత్తదనుకున్నానని, మర్చిపోవడం నేను అల్లిన మెలికని, ఆ గట్టు మీద కూర్చుని చెప్పాను. గేటులోంచి వచ్చిన ఇంకో పిల్ల మొహం చూసి, ఆమె నా వైపు తిరిగింది.

"అయితే ఆ నర్సు పోయినట్టేనా?"

"పోయింది వదినా."

"మరి మీరు మర్చిపోలేదా?"

"లేదు."

"మర్చిపోనిదానికి ఎందుకు నోరు కట్టుకున్నారే, అందరూ?"

నువ్వు ఏడుస్తావని అన్నాను. ఆమె లేచి చీర దులుపుకుని స్టేషన్ వైపు నడిచింది. తెనాలిలో పిన్ని దగ్గర బుట్టలు తీసుకుని రేపల్లె బండెక్కాం.

ఇప్పుడు నా మనవరాలు చెవుల్లో ఏవో పెట్టుకుని, పదివారాల కథ ఒక్క పూటలో చూసేస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి జరుపుకుంటుంది. అడుగున వచ్చే అక్షరాలు నేను కూడా కూడబలుక్కుని చదువుతాను, చదివేలోపల మాయమైతే అది ఆపి పెడుతుంది. ఏదీ తప్పిపోదు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. వాళ్ళకు సోమవారాలు లేవు. గోడ దాటేటప్పుడు బుట్ట ఏమవుతుందని అడిగేవాళ్ళు లేని శక్తులు ఎన్ని ఉంటే మాత్రం ఏం చేసుకుంటారో నాకు తెలియదు. తెలియదని తెలిసీ, మనవరాలి పక్కన కూర్చుని పదిసార్లు లేస్తాను.

బాపట్ల నుంచి వచ్చిన మర్నాడు పొద్దున వదిన రైలుకు రాదనుకున్నాను. వచ్చింది, కిటికీ పక్కన మొహం అటు తిప్పుకుని కూర్చుంది. రైలు కదిలింది. ముందు పిన్నితో నాకు చదువు రాదని చెప్పాను. "మాకు మాత్రం వచ్చిందా ఏంటి, కానియ్" అంది. ఇవాళ ఆ సీరియల్ కథ కాదని చెప్పి, మా మేనకోడలి పేరు అందరికీ వినపడేలా పలికి, ఆ పిల్ల సంగతులు మొదలుపెట్టాను. నా పెళ్ళిలో నా వెనకే తిరిగి ఎలా నవ్వించిందో, బీరకాయ కూర వండితే పళ్ళెం ఎలా జరిపేసేదో, మిల్లు ముందు సైకిలు నేర్చుకుంటూ ఆరబోసిన వడ్లలోకి పోయి పడి, లేవకుండా అందులోనే కూర్చుని ఎలా నవ్విందో చెప్పాను. వదిన భుజాలు కదులుతున్నాయి, పిన్ని ఆపమన్నట్టు నా మోకాలు నొక్కింది. నేను ఆపలేదు.

వేమూరు దగ్గరపడుతుండగా వదిన కిటికీలోంచి మొహం తిప్పకుండానే, "వడ్లు కాదే, మినుములు," అంది.

మినుములని దిద్దుకుని, సైకిలు దగ్గర నుంచి మళ్ళీ చెప్పాను.