మైల పడని కడవ

పదేళ్లు దాటాయి. ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదువు. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే చెబుతున్నాను. తెలిసినవాళ్లను నేను నమ్మను.

ఆ ఏడు వానల్లేవు. మా బావిలో బురదే మిగిలింది. పక్క ఊరి నుంచి మోసుకొచ్చిన నీళ్లు రాగి కడవలో పోసి కాపలా కాసేదాన్ని. కోడలు ముఖం కడుక్కున్నా కసిరేదాన్ని. అలాంటి రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, కోడలికి నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని ఓబులక్కను పిలిపించాను. ఊరి బయట గేరిలో, అంటరానివాళ్ల వాడలో ఉండే మనిషి. మా ఆడవాళ్ల ఒళ్లు ఆమె తాకవచ్చు, బిడ్డను పట్టవచ్చు, కడవను మాత్రం ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మైలపడిన కడవ ఇంట్లో ఉండదు, ఆమెకే ఇచ్చేయాలి. అదీ కట్టుబాటు.

ఆమె కోడలి నడుము నిమురుతూ ధైర్యం చెబుతోంది. నా కళ్లు మాత్రం ఆమె చేతుల మీదే ఉన్నాయి.

"అమ్మా, రోంత నీళ్లు కాగబెట్టి ఇయ్యి. సబ్బు నా దగ్గరుండాది. మోచేతులదాకా కడుక్కోవల్ల. కదిరిలో నర్సమ్మ చెప్పినాది."

"ఇన్నేండ్లు కడుక్కునే చేసినావా కాన్పులు? కరువులోనే గుర్తొచ్చినాదా శుభ్రం? రాగి కడవ మీద కన్నేసినావేమే?"

"నీ కడవ నాకేటికి తల్లీ! కాన్పు ఇడ్సిపెట్టి కడవ నెత్తినెత్తుకుని పారిపోతానా? దూరంగా చేతులు చాపుతా, నువ్వే వంచు."

"నీళ్లు లేవు. చెంగుకు తుడుచుకో."

తుడుచుకుంది. ఇంకేం చేస్తుంది?

ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు స్నానం పోయడానికి అదే కడవలోంచి నీళ్లు నేనే ముంచి ఇచ్చాను. ఓబులక్క ఆ నీళ్లను చూసింది, నన్ను చూసింది. బిడ్డకు పోసింది.

తర్వాత కోడలికి జ్వరం పట్టుకుంది. బండి కట్టి కదిరి ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది. ఊరు అడిగితే, "ఆ ఓబులి మురికి చేతులు" అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరుంచిన మురికి? నీళ్లిచ్చి ఉంటే బతికేదా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనకే ఇన్నేళ్లూ దాక్కున్నాను.

ఆ తర్వాత ఓబులక్కను ఎవరూ పిలవలేదు. ఆమె రోడ్డు పనిలో కంకర కొడుతోంది. మా ఊరి ఆడవాళ్లు నడుము పట్టే దిక్కు లేక కంటున్నారు. అంత జరిగినా ఆమె నీళ్ల మాట ఎవరికీ చెప్పలేదు. ఎందుకు? గేరి మనిషి మాట ఎవరు నమ్ముతారనా, లేక నన్ను పదిమందిలో నిలబెట్టే అదను కోసమా? ఏళ్లపాటు అలా అనుమానించాను. నోరు మూసుకున్న మనిషిని కూడా దొంగలాగే చూశాను.

నా మనవరాలు ఇప్పుడు పెద్దదవుతోంది. ఓబులక్క ఎదురొస్తే నేల మీద ఉమ్మి పక్కకు తిరుగుతుంది. అమ్మను చంపిందని దానికి నేర్పింది నేను. నిజం దానికి చెప్పే ధైర్యం ఈనాటికీ లేదు. ఉందని రాస్తే నువ్వు నమ్మకు.

నీళ్లు ఉన్నాయి. నేనే ఇవ్వలేదు.

ఇది రాశాక ఆకలి వేస్తోంది. చాన్నాళ్లకు. సిగ్గులేని ఆకలి.