ముందుకాలు, వెనక్కాలు

కరోనా తగ్గిన మరుసటి వానాకాలంలో, జనగామ దగ్గరి ఒక మందుల పరిశోధనశాలలో జంతువుల విభాగానికి పశువైద్యుడిగా చేరాను. వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడితో వచ్చే కంటి అలర్జీకి అక్కడ కొత్త చుక్కల మందు తయారవుతోంది. ముందు గినీ పిగ్స్ మీద పరీక్షించాలి.

పుప్పొడి సారాన్ని సూదితో ఎక్కించి, అదంటే అలర్జీ వచ్చేలా జంతువు ఒంటిని తయారుచేస్తాం. కొన్ని వారాలాగి అదే సారం కంట్లో చుక్కగా వేస్తాం. ఎరుపుకూ వాపుకూ మార్కులుంటాయి. దురదకైతే, కన్ను ఎన్నిసార్లు రుద్దుకుందో వీడియోలో లెక్కపెడతారు. ఏ జంతువుకు మందు వేశామో, దేనికి వేయలేదో లెక్కపెట్టేవారికి తెలియనివ్వం.

మందు వేసినవాటికి ఎరుపు బాగా తగ్గింది, రుద్దుకోవడమే తగ్గలేదు. మా డైరెక్టర్ గారు కోస్తా మనిషి, మర్యాదస్తుడు, కాని తొందరెక్కువ. ఎరుపు తగ్గితే చాలదా, మనుషుల పరీక్షకు పంపుదాం, సంతకం పెట్టండన్నారు. నాకూ తొందరే. రఘునాథపల్లిలో మా అక్క ఏటా కలుపుతీతల్లో కళ్లు వాచి కూలి మానుకుంటుంది.

ఆ ఆదివారం ఆమెను చూడబోయాను. మెడికల్ షాపు చుక్కలేవో వేసుకొని, ముంజేత్తో కన్ను తుడుచుకుంటోంది. తగ్గిందా అని అడిగాను.

"జిల తగ్గింది తమ్మీ, గని మంటైతంది. జిలైతే గోక్కుంట. మంటైతే గోకబుద్ది గాదు, తుడుసుకుంట."

జిల అంటే మా వైపు దురద. మర్నాడు వీడియోలు మళ్లీ వేసి చూశాను. మందు వేయనివి వెనక్కాలితో గోక్కుంటున్నాయి, అది దురద. వేసినవి ముందుకాళ్లతో తుడుచుకుంటున్నాయి, అది మంట. మేం రెంటినీ 'రుద్దుకోవడం' కింద కలిపేశాం.

డైరెక్టర్ గారు నవ్వి, మీ జిలని రిపోర్టులో ఎలా రాస్తారండీ అన్నారు. నాకు ఒళ్లు మండింది. 'వెనక్కాలు' అని రాస్తానన్నాను, సంతకం పెట్టలేదు. వీడియో చూశాక ఆయనా పట్టుబట్టలేదు. మంటకు కారణం మందు చెడిపోకుండా కలిపే పదార్థమని, దాన్ని మార్చాలని తేలింది. మనుషుల పరీక్ష మరో సీజన్‌కు వెనక్కి పోయింది.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"అంటే ఇంకో వానకాలం గోక్కోమంటవా?"

అవునన్నాను. ఫోన్ పెట్టేసింది.

మందు పనిచేసిందా అని అడిగేముందు జంతువు ఏ కాలెత్తిందో చూడాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ చుక్కలు అలాగే బజారుకొచ్చి ఉంటే, అక్క కంట్లో మొదట వేసేవాణ్ణి నేనే.