గోడ వెనక రాయి

మా నాన్న జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. ఏ ఊరి పేరెత్తినా, అక్కడ నేల కింద ఏ రాయి పడుతుందని అడిగేవాడు.

ఢిల్లీలో నా ఆఫీసు ఎదురుగా, భూమి లోపల మెట్రో స్టేషన్ కోసం తవ్వుతున్నారని ఫోన్లో చెప్పా. రైలు కిటికీలోంచి ఆ రాయి చూడొచ్చని ఆయనకి ఒకటే సంబరం. "తెరిచాక వస్తాలేరా" అన్నాడు.

ఆ దిక్కుమాలిన స్టేషన్ ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే ఉంది. అన్నాళ్లూ గొయ్యి నోరు తెరుచుకునే ఉంది, రాయంతా బయటికి కనిపిస్తూ. తిట్టుకుంటూ దాని పక్క నుంచే రోజూ ఆఫీసుకెళ్లా.

చివరికి తెరిచారు. నాన్న వచ్చాడు. కిందికి దిగితే ఎటు చూసినా సిమెంటు గోడలే. గోడ మీద చెయ్యి పెట్టి, "తవ్వేటప్పుడే రావాల్సిందిరా" అన్నాడు.