బావ బిగించిన ఆట

సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే మా బావకు ఒక అలవాటుండేది. గాల్లోనే రెండు వేళ్లతో నట్టు తిప్పినట్టు తిప్పి, "ఒక్క చుట్టు బిగించి సూద్దం" అనేవాడు.

డిగ్రీ సెలవుల్లో వాళ్లింట్లో ల్యాప్‌టాప్ మీద క్రికెట్ గేమ్ ఆడేవాణ్ణి. ఇరవై ఓవర్లలో నాలుగు వందలు కొట్టి గొప్పగా చూపిస్తే బావ మొహం చిట్లించాడు.

"గిది క్రికెట్టా బామ్మర్దీ?"

సెట్టింగ్స్ తెరిపించాడు. అన్నీ ఒకేసారి మార్చనివ్వలేదు. మగ్గానికి చేసినట్టే బౌలర్ వేగం కొంచెం పెంచి ఒక ఓవర్ ఆడించాడు, తర్వాత బంతి స్వింగ్, ఆ తర్వాత ఫీల్డర్ల క్యాచ్‌లు. నా జట్టు నలభై ఏడుకే ఆలౌటయింది. "పాతట్లనే పెట్టు బావా" అని బతిమాలినా వినలేదు.

వారమంతా ఓడాను. ఒక సాయంత్రం ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాలి. సిక్స్‌కు పోకుండా బంతిని మెల్లగా పక్కకు తోసి పరుగు తీశాను. గెలిచాను!

బావ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని మళ్లీ సెట్టింగ్స్ తెరిచాడు. అక్క చాయ్ తెస్తూ, "గెలిచిండా తమ్ముడు?" అంది.

"మంచిగ గెలిచిండు" అన్నాడు బావ, వేళ్లు తిప్పుతూ. "గందుకే ఇంకో చుట్టు బిగిస్తున్న."